ఫైలు ఎవరిది, అసలు ప్రతి ఎక్కడుంది: ఆఫీసు క్లౌడ్ సాధనాలను పోల్చి చూడటంలో అసలు చిక్కు

2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తాను పత్రాలకూ, స్ప్రెడ్‌షీట్లకూ, ప్రెజెంటేషన్లకూ దేశీయ సాఫ్ట్‌వేర్ సంస్థ జోహోకు మారుతున్నట్లు ప్రకటించారు. ఆ తర్వాత కొద్ది వారాలకే కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ తన అధికారులను జోహో ఆఫీస్ సూట్ వాడమని కోరింది. మంత్రి ప్రకటనకు రెండు నెలల ముందే, యూరోపియన్ యూనియన్ ఆంక్షల కారణంగా చమురు శుద్ధి సంస్థ నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఉన్నట్టుండి నిలిచిపోగా, ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. అంతవరకు 'ఏది చవక, ఎన్ని జీబీలు ఇస్తారు' అన్నదాని దగ్గరే ఆగిన చర్చ, ఈ రెండు పరిణామాల తర్వాత 'మన ఫైళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి' అన్నదాకా వచ్చింది.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, షేర్‌పాయింట్, డ్రాప్‌బాక్స్, బాక్స్, జోహో వర్క్‌డ్రైవ్, నెక్స్ట్‌క్లౌడ్ వంటివి తెర మీద చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి: ఎడమవైపు ఫోల్డర్లు, కుడివైపు ఫైళ్లు, పైన షేర్ బటన్. అందుకే చాలా కార్యాలయాలు వీటిని ధరల పట్టికతో పోల్చి తేల్చేస్తాయి. కానీ 'ఫైలు' అనే మాటకు ఈ సాధనాలన్నింటిలో ఒకే అర్థం లేదు. ఆ తేడా తెలియకపోతే ధరల పట్టిక పెద్దగా ఏమీ చెప్పదు.

## ఒకే పేరు కింద నాలుగు పనులు

మొదటిది నిల్వ: ఫైలు మన కంప్యూటరులో కాక ఒక సంస్థ డేటా సెంటరులో ఉండటం. రెండోది సింక్: అదే ఫోల్డరు ఆఫీసు డెస్క్‌టాప్‌లోను, ఇంట్లోని ల్యాప్‌టాప్‌లోను, ఫోన్‌లోను ఒకే స్థితిలో ఉండేలా నిరంతరం సరిచూడటం. మూడోది సహరచన: ఇద్దరు ముగ్గురు ఒకే పత్రంలో ఒకేసారి రాయడం. నాలుగోది బ్యాకప్: ఏదైనా పోయినప్పుడు పాత స్థితిని తిరిగి తెచ్చుకోగలగడం.

2007లో డ్రూ హ్యూస్టన్, ఆరాష్ ఫిర్దౌసీ మొదలుపెట్టిన డ్రాప్‌బాక్స్ పుట్టుక రెండో పని కోసం. గూగుల్ దారి వేరు. 2006లో అది రైట్లీ అనే వెబ్ ఎడిటర్‌ను కొని గూగుల్ డాక్స్‌గా మలిచింది, డ్రైవ్ అన్నది 2012లో గానీ రాలేదు. అంటే అక్కడ సహరచన ముందు, నిల్వ తర్వాత. మైక్రోసాఫ్ట్‌ది మూడో దారి. 2001 నాటి షేర్‌పాయింట్ పెద్ద సంస్థల అంతర్గత పత్రాల నిర్వహణ కోసం తయారైంది. వ్యక్తుల కోసం వచ్చిన స్కైడ్రైవ్, బ్రిటన్‌లో స్కై సంస్థతో వచ్చిన పేరు వివాదం తర్వాత 2014లో వన్‌డ్రైవ్ అయింది. ఈ పుట్టుకల ముద్ర ఇప్పటికీ చెరిగిపోలేదు. ఒక్కో సాధనం ఎక్కడ తడబడుతుందో చాలావరకు దాని మొదటి ఉద్దేశాన్ని బట్టే ఊహించవచ్చు.

ఈ నాలుగింటిలో జనం ఎక్కువగా కలగలిపేవి సింక్, బ్యాకప్. సింక్ అద్దం లాంటిది; ఇటు చెరిపితే అటూ చెరిగిపోతుంది. ఒక ఉద్యోగి కంప్యూటరులో ర్యాన్సమ్‌వేర్ దూరి ఫైళ్లన్నీ తాళం వేస్తే, ఆ తాళం వేసిన ప్రతులనే సింక్ సాఫ్ట్‌వేర్ శ్రద్ధగా క్లౌడ్‌కు చేరవేస్తుంది. అప్పుడు ఆదుకోవలసింది పాత వెర్షన్లను దాచే వ్యవస్థే, సింక్ కాదు.

## ఇద్దరు ఒకేసారి రాస్తే ఏమవుతుంది

కార్యాలయంలోని ఒక పత్రంలో 'సమావేశం సోమవారం పదకొండు గంటలకు జరుగుతుంది' అనే వాక్యం ఉందనుకుందాం. మేనేజరు దాని ముందు 'బోర్డు' అనే మాట చేర్చారు. సరిగ్గా అదే క్షణంలో గుమాస్తా 'రెండో మాట తీసేసి మంగళవారం అని పెట్టు' అన్న మార్పు చేశారు. మేనేజరు మార్పు ముందు సర్వరుకు చేరితే వాక్యంలో రెండో మాట ఇక 'సోమవారం' కాదు, 'సమావేశం'. గుమాస్తా ఆదేశాన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే 'బోర్డు మంగళవారం సోమవారం పదకొండు గంటలకు జరుగుతుంది' అనే అర్థం లేని వాక్యం మిగులుతుంది. అందుకే సర్వరు ఆ ఆదేశాన్ని 'మూడో మాట మార్చు' అని సవరించి అమలు చేస్తుంది. ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ అనే ఈ పద్ధతి మీదే గూగుల్ డాక్స్ సహరచన నడుస్తుంది. నిజానికి లెక్క మాటలతో కాక అక్షర స్థానాలతో జరుగుతుంది కానీ సూత్రం ఇదే.

ఈ పద్ధతి పనిచేయాలంటే పత్రం ఒక ఫైలుగా కాక, సర్వరులో నమోదైన మార్పుల వరుసగా ఉండాలి. గూగుల్ డాక్స్ పత్రం అటువంటిదే. డ్రైవ్ యాప్ ఉన్న కంప్యూటరులో జీడాక్ అనే పొడిగింపుతో కనిపించేది పత్రం కాదు, దాని వెబ్ చిరునామాను దాచుకున్న చిన్న లింకు మాత్రమే. ఆ ఫోల్డరును ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి బీరువాలో భద్రపరిచిన కార్యాలయం నిజానికి భద్రపరిచింది చిరునామాలను మాత్రమే. ఖాతా మూతపడితే ఆ డిస్క్‌లో చదవదగ్గ వాక్యం ఒక్కటీ ఉండదు.

మైక్రోసాఫ్ట్ పద్ధతిలో వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు నిజమైన ఫైళ్లే. అవి వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉన్నప్పుడు డెస్క్‌టాప్ వర్డ్‌లోనే పలువురు కలిసి రాయగలరు. దీని లాభం, ఏనాడైనా ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోవచ్చు. నష్టం, ఒకరు చాలా పాత ఆఫీస్ వెర్షన్‌లో తెరిస్తేనో, నెట్ లేనిచోట ఇద్దరూ వేర్వేరుగా మార్చితేనో పేచీ మొదలవుతుంది. డ్రాప్‌బాక్స్ ఇలాంటి సందర్భంలో ఎవరి పనీ పోకుండా 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ' అన్న పేరుతో రెండో ఫైలును పక్కన పెడుతుంది. ఆ రెండింటినీ కలపవలసిన భారం మాత్రం మనుషులదే.

స్ప్రెడ్‌షీట్ల దగ్గర మరో లెక్క ఉంది. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి. గూగుల్ షీట్స్‌లో మొత్తం ఫైలుకు పరిమితి 1 కోటి గళ్లు. 50 నిలువు వరుసలున్న అమ్మకాల పట్టిక అయితే 2 లక్షల అడ్డు వరుసలకే ఆ పరిమితి నిండిపోతుంది. చిన్న కార్యాలయానికి ఇది అడ్డం రాదు. ఏళ్ల తరబడి ఎక్సెల్ మాక్రోలు (పదేపదే చేసే పనులను వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) రాసుకున్న లెక్కల విభాగానికి అడ్డం వచ్చేది వేరే విషయం: ఆ మాక్రోలు గూగుల్ షీట్స్‌లోనే కాదు, బ్రౌజరులో తెరిచిన ఎక్సెల్‌లోనూ నడవవు.

## ట్యాలీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు

ఈ పోలికలన్నీ వర్డ్, ఎక్సెల్ ప్రపంచానికి సంబంధించినవి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక ఆడిటరు కార్యాలయాన్ని, దాని పక్క వీధిలోని డీటీపీ సెంటరును ఊహించుకుంటే బొమ్మ మారిపోతుంది.

ఆడిటరు కార్యాలయానికి ప్రాణం ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డరు. అందులో ఒకదానిపై ఒకటి ఆధారపడే అనేక ఫైళ్లుంటాయి; ఒక వోచరు నమోదు చేస్తే వాటిలో కొన్ని ఒకేసారి మారతాయి. సింక్ సాఫ్ట్‌వేర్‌కు ఈ బంధుత్వం తెలియదు. మారిన ఫైలును మారినట్లే పైకి పంపుతుంది. ఒక ఫైలు కొత్తది, దాని జత ఫైలు పాతది ఉన్న క్షణంలో రెండో కంప్యూటరు ఆ ఫోల్డరును తెరిస్తే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి నడుస్తున్న ట్యాలీ ఫోల్డరును ఏ డ్రైవ్‌లోనైనా సింక్‌లో పెట్టడం, ట్యాలీ తీసిచ్చిన బ్యాకప్ ఫైలును క్లౌడ్‌లో దాచడం పైకి ఒకేలా కనిపించినా పూర్తిగా వేర్వేరు పనులు. రెండోదానికి ఏ క్లౌడ్ అయినా సరిపోతుంది. మొదటిదానికి ఏదీ సరిపోదు.

డీటీపీ సెంటరు సంగతి ఇంకా వింతైనది. తెలుగు ముద్రణలో అను ఫాంట్లతో కట్టిన ఫైళ్లు ఇప్పటికీ లెక్కలేనన్ని ఉన్నాయి. అవి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాల పద్ధతి) కావు కాబట్టి లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఆ ఫాంటుతో చూస్తేనే తెలుగులా కనిపించే వేరే సంకేతాలు. అలాంటి వర్డ్ ఫైలును బ్రౌజరులో తెరిస్తే అర్థంకాని ఇంగ్లిషు గుర్తులు వరుస కడతాయి. క్లౌడ్ సాధనాలు గొప్పగా చెప్పుకునే 'ఫైలు లోపలి మాటలతో వెతకడం' వీటి విషయంలో పనిచేయదు. 2001 నాటి పుటల అమరిక సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో కట్టిన పుస్తకానికి సహరచన ఊసే లేదు. ఇక్కడ కావలసింది నమ్మకమైన నిల్వ, వేగమైన సింక్ మాత్రమే.

ఆ వేగాన్ని లెక్క కట్టి చూద్దాం. 1 జీబీ ఫొటోషాప్ ఫైలులో చిన్న మార్పు చేశారు. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం ఉన్న లైనులో ఫైలు మొత్తాన్ని మళ్లీ పంపాలంటే సుమారు 400 సెకన్లు, అంటే 7 నిమిషాల దాకా పడుతుంది. డ్రాప్‌బాక్స్ మొదటినుంచీ ఫైలును 4 ఎంబీ ముక్కలుగా చూస్తుంది. మారిన ముక్కలు పది అయితే 40 ఎంబీ, అంటే 16 సెకన్లు. ఈ సౌకర్యం వన్‌డ్రైవ్‌లో చాలాకాలం ఆఫీస్ ఫైళ్లకే ఉండి, 2020లో మిగతా రకాలకూ వచ్చింది. రోజంతా పెద్ద డిజైన్ ఫైళ్లతో కుస్తీ పట్టే చోట ఈ ఒక్క లక్షణం మిగతా హంగులన్నిటికంటే బరువైనది.

## ఫైలుకు యజమాని ఎవరు

నన్నడిగితే పోలిక మొదలు కావలసింది ఇక్కడి నుంచి. గూగుల్‌లో 'మై డ్రైవ్'లో ఉన్న ఫైలుకు యజమాని దాన్ని సృష్టించిన వ్యక్తి. ఆయన ఫోల్డరును పది మందికి పంచినా యాజమాన్యం ఆయనదే. 'షేర్డ్ డ్రైవ్'లో పెట్టిన ఫైలుకు యజమాని సంస్థ. మనుషులు వస్తారు పోతారు, ఫైలు అక్కడే ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌లో వన్‌డ్రైవ్ వ్యక్తిది, షేర్‌పాయింట్ బృందానిది. జోహో వర్క్‌డ్రైవ్‌లోనూ 'మై ఫోల్డర్స్', 'టీమ్ ఫోల్డర్స్' అన్న విభజన ఇదే.

గీత ఇంత స్పష్టంగా ఉన్నా రోజువారీ పనిలో అది కనిపించదు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో ఒక ఛానల్‌లో పెట్టిన ఫైలు షేర్‌పాయింట్‌కు వెళ్తుంది. అదే ఫైలును వ్యక్తిగత చాట్‌లో పంపితే పంపినవారి వన్‌డ్రైవ్‌లో కూర్చుంటుంది. పంపే చేతికి రెండూ ఒకే పని. ఆ మనిషి ఉద్యోగం మానేసిన రోజున మాత్రం ఫలితాలు వేరు. ఉద్యోగి ఖాతా తొలగించాక అతని వన్‌డ్రైవ్‌ను మైక్రోసాఫ్ట్ సాధారణంగా 30 రోజులు ఉంచుతుంది. ఆ గడువును నిర్వాహకులు పెంచుకోవచ్చు. గూగుల్‌లో తొలగించిన వినియోగదారును 20 రోజుల లోపు తిరిగి తెచ్చుకోవచ్చు, తొలగించేటప్పుడే ఫైళ్లను మరొకరి పేరుకు బదిలీ చేయవచ్చు.

మన దగ్గర చిన్న కార్యాలయాల్లో ఎక్కువగా కనిపించేది ఇంతకంటే బలహీనమైన ఏర్పాటు: ఉద్యోగుల సొంత జీమెయిల్ ఖాతాల్లో కార్యాలయ ఫైళ్లు. నలుగురు సహాయకులున్న ఆడిటరు కార్యాలయంలో ఒక సహాయకుడు తన ఉచిత ఖాతాలో 60 మంది క్లయింట్ల ఫోల్డర్లు తయారుచేసి మిగతావారికి పంచాడనుకుందాం. అతను మానేశాక తన 15 జీబీ నిండిపోతోందని ఆ ఫోల్డర్లను తీసేస్తే, అవి అందరి దగ్గరా మాయమవుతాయి. అతను తప్పు చేశాడనడానికీ లేదు. సాధనం దృష్టిలో అవి అతని ఫైళ్లే. కార్యాలయం తరఫున గూగుల్‌ను అడిగే నిర్వాహకుడు అంటూ ఎవరూ ఉండరు. ఇంగ్లిషు సమీక్షలు గూగుల్ వర్క్‌స్పేస్‌ను మైక్రోసాఫ్ట్ 365తో పోలుస్తూ పేజీలు నింపుతాయి గానీ, మన కార్యాలయాల్లో చాలాచోట్ల అసలు పోలిక వ్యక్తిగత ఖాతాకూ సంస్థ ఖాతాకూ మధ్యే.

'లింకు ఉన్న ఎవరైనా' అనే అనుమతి కూడా ఇలాంటిదే. ఆ లింకు వాట్సాప్ గ్రూపులో పడితే గ్రూపు నుంచి గ్రూపుకు పాకుతుంది, తెరిచినవారి పేర్లు ఎక్కడా నమోదు కావు. పేరు పెట్టి ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు, ఎవరు ఎప్పుడు చూశారో సంస్థ ప్లాన్లలో తెలుసుకోవచ్చు. ఈ సాధనాలన్నింటిలో రెండు మార్గాలూ ఉన్నాయి. తేడా అంతా, మొదటి మార్గాన్ని మొత్తం సంస్థకు మూసేసే అధికారం నిర్వాహకుడికి ఉందా లేదా, ఉంటే ఏ ప్లాన్ నుంచి ఉంది అన్నదే.

## జీబీల లెక్క

20 మంది ఉన్న కార్యాలయాన్ని తీసుకుందాం. గూగుల్ బిజినెస్ స్టార్టర్‌లో మనిషికి 30 జీబీ చొప్పున 600 జీబీల ఉమ్మడి నిల్వ వస్తుంది. మైక్రోసాఫ్ట్ బిజినెస్ బేసిక్‌లో మనిషికి 1 టీబీ అంటే 20 టీబీ అని ప్రకటనలు చదివినవారు లెక్కిస్తారు. కానీ అది వ్యక్తుల వన్‌డ్రైవ్ మొత్తం. ఒకరి దగ్గర మిగిలింది మరొకరికి పనికిరాదు. బృందానికి చెందిన షేర్‌పాయింట్ నిల్వ 1 టీబీకి, లైసెన్సుకు 10 జీబీ చొప్పున 200 జీబీ కలిపితే వచ్చే 1.2 టీబీ మాత్రమే. ముందు విభాగంలో చెప్పినట్లు కార్యాలయ ఫైళ్లన్నీ బృందం ఖాతాలోకి తెస్తే వాడుకోగలిగేది ఈ రెండో అంకెనే. 'అపరిమిత నిల్వ' అనే మాట దాదాపు చరిత్రలో కలిసిపోయింది. డ్రాప్‌బాక్స్ 2023లో తన అడ్వాన్స్‌డ్ ప్లాన్‌లో దాన్ని ఎత్తేసింది.

## చెరిపిన ఫైలు ఎన్నాళ్లుంటుంది

గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు. ట్రాష్ ఖాళీ అయ్యాక మరో 25 రోజుల వరకు నిర్వాహకుడు తేగలడు. వన్‌డ్రైవ్ సంస్థ ఖాతాల్లోను, షేర్‌పాయింట్‌లోను 93 రోజులు. డ్రాప్‌బాక్స్‌లో ప్లాన్‌ను బట్టి 30 రోజుల నుంచి ఏడాది దాకా. జూన్‌లో పొరపాటున చెరిగిన రసీదుల ఫోల్డరు అవసరం మరుసటి మార్చిలో వస్తే, ఈ గడువుల్లో చాలావరకు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. 2023 నవంబరులో గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్ 84వ వెర్షన్ వాడిన కొందరికి ఇటీవలి ఫైళ్లు కనిపించకుండా పోయిన ఉదంతం, పెద్ద సంస్థల సింక్ యాప్‌లు కూడా తప్పుకు అతీతం కావని చూపింది. అందుకే బ్యాకప్‌ను మరో సంస్థ సేవలోనో సొంత డిస్క్‌లోనో విడిగా ఉంచాలని ఒక వర్గం గట్టిగా చెబుతుంది. విడి బ్యాకప్ నిర్వహించే మనిషి లేనిచోట అది మొదటి రెండు నెలల తర్వాత ఆగిపోతుందనీ, అంతకంటే గడువు ఎక్కువున్న ప్లాన్ కొనడం మేలనీ రెండో వర్గం వాదన. రెండో వాదనలో అనుభవం ఎక్కువ, మొదటిదానిలో తర్కం ఎక్కువ.

## డేటా ఉన్న చోటు, దాన్ని ఏలే చట్టం

2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్ కేంద్రాన్ని ప్రకటించాక, మన ఫైళ్లు ఇక మన రాష్ట్రంలోనే ఉంటాయన్న మాట వినిపించింది. ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదు. ఒక సంస్థ సర్వర్లు ఎక్కడున్నాయన్నది ఒక విషయం, మన ఖాతాలోని డేటాను ఏ ప్రాంతంలో ఉంచుతామని ఒప్పందంలో రాసిచ్చారన్నది మరో విషయం.

అంతకు మించిన మూడో విషయం, ఆ సంస్థ ఏ దేశపు చట్టానికి జవాబుదారీ అన్నది. అమెరికా 2018లో చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం అక్కడి సంస్థలు తమ అధీనంలోని డేటాను, అది ఏ దేశంలో ఉన్నా, చట్టబద్ధమైన ఆదేశం వస్తే అందించవలసి ఉంటుంది. నయారా ఉదంతంలో డేటా ఎవరూ తీసుకోలేదు, సేవ ఆగిందంతే. ఆంక్షలు విధించింది యూరప్, సేవ ఆపింది అమెరికా సంస్థ, నష్టపోయింది గుజరాత్‌లోని వాడినార్‌లో రిఫైనరీ నడిపే భారతీయ కంపెనీ. కోర్టుకు వెళ్లాక కొద్ది రోజుల్లోనే సేవలు తిరిగి వచ్చాయి. రష్యా సంస్థ రోస్‌నెఫ్ట్‌కు నయారాలో 49 శాతం వాటా ఉండటం దీనికి మూలం. సాధారణ కార్యాలయానికి అలాంటి స్థితి దాదాపు రాదు. అయినా డబ్బు కట్టిన సేవ కూడా వేరొక చట్టం మాట విని ఆగగలదన్నది రుజువైంది.

దేశీయ సేవలవైపు మొగ్గేవారి బలమైన వాదన ఇదే. చెన్నైకి చెందిన జోహో తన డేటా సెంటర్లను తానే నడుపుతుంది, భారతీయ ఖాతాల డేటాను ఇక్కడే ఉంచుతుంది. అవతలి వాదనా తేలిగ్గా తీసేయదగింది కాదు: బయటి క్లయింట్లు, బ్యాంకులు, విదేశీ భాగస్వాములు వర్డ్, ఎక్సెల్ ఫైళ్లే పంపుతారు, వాటి అమరిక చెదరకుండా తెరవడమే వారికి ముఖ్యం. దేశీయమైనంత మాత్రాన భద్రత దానంతటదే రాదు. సాధారణ ప్లాన్లలో ఎన్‌క్రిప్షన్ (డేటాను ఇతరులు చదవలేకుండా సంకేతాలుగా మార్చడం) తాళం చెవి విదేశీ సేవల్లోనైనా దేశీయ సేవల్లోనైనా ఆ సేవ అందించే సంస్థ దగ్గరే ఉంటుంది.

భారతీయ చట్టం మాత్రం బాధ్యతను కార్యాలయం మీదే పెడుతుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. క్లయింట్ల ఆధార్ ప్రతులు క్లౌడ్‌లో పెట్టిన కార్యాలయమే ఆ డేటాకు జవాబుదారీ. క్లౌడ్ సంస్థ దాని తరఫున పనిచేసేది మాత్రమే. తగిన రక్షణ ఏర్పాట్లు లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. కంపెనీలకు మరో నిబంధన ఉంది: 2022 ఆగస్టు సవరణ ప్రకారం ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ ప్రతి రోజూ భారతదేశంలో భౌతికంగా ఉన్న సర్వరులో ఉండాలి. అంటే ట్యాలీ బ్యాకప్‌ను ఏ క్లౌడ్‌లో దాచారన్నది కంపెనీకి ఇష్టాయిష్టాల విషయం కాదు.

నెక్స్ట్‌క్లౌడ్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వరులో పెట్టుకుంటే ఈ పేచీలన్నీ పోతాయని కొందరంటారు. చట్టపరమైనవి చాలావరకు పోతాయి. బదులుగా డిస్క్ పాడైతే మార్చేవారు, భద్రతా లోపం బయటపడిన రోజే అప్‌డేట్ వేసేవారు, కరెంటు పోతే చూసుకునేవారు కార్యాలయంలోనే ఉండాలి. విశ్వవిద్యాలయానికీ ఐటీ సంస్థకూ అది సాధ్యం. ఐదుగురి కార్యాలయానికి ఆ జీతం ఏ క్లౌడ్ చందా కన్నా ఎక్కువే.

## ఒకదాని నుంచి మరొకదానికి మారితే

ఫైళ్లు తరలుతాయి, వాటి చుట్టూ అల్లుకున్నది తరలదు. గూగుల్ డాక్స్ పత్రాన్ని వర్డ్ ఫైలుగా దింపుకుంటే పాఠం వస్తుంది, వ్యాఖ్యలూ చాలావరకు వస్తాయి. ఎవరు ఏ రోజు ఏ మాట మార్చారన్న వెర్షన్ చరిత్ర రాదు. షీట్స్‌లో రాసుకున్న యాప్స్ స్క్రిప్ట్ (గూగుల్ వైపు మాక్రోల వంటిది) ఎక్సెల్‌లో నడవదు. వన్‌డ్రైవ్ పేర్లలో ప్రశ్నార్థకం, నక్షత్రం, కోలన్ వంటి గుర్తులను అనుమతించదు కాబట్టి ఆ గుర్తులున్న ఫైళ్ల పేర్లు మార్చవలసి వస్తుంది. పాత లింకులు అన్నీ చచ్చిపోతాయి. ఈమెయిళ్లలోను, వాట్సాప్ సందేశాల్లోను, ఒకదానికొకటి ముడిపడిన ఎక్సెల్ ఫైళ్లలోను ఉన్నవి కూడా. ధరల పట్టికలో ఎక్కడా కనిపించని ఈ ఖర్చు ఏటేటా పెరుగుతుంది. ఫైళ్లను మొదటినుంచీ మామూలు వర్డ్, ఎక్సెల్, పీడీఎఫ్ రూపంలో బృందం ఫోల్డర్లలో ఉంచిన కార్యాలయానికి అది కొన్ని రోజుల పని. ఐదేళ్ల పాటు వ్యక్తిగత డ్రైవ్‌లలో, ఒక్క క్లౌడ్ సంస్థ సొంత ఫైలు రూపంలోనే రాసుకుంటూ వచ్చిన కార్యాలయానికి, ఏ ఫైలు ఎవరి ఖాతాలో ఉందో జాబితా వేయడానికే అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది.